ఎర్ర డబ్బా, నీలి డబ్బా, ఆ తర్వాత లెవోఫ్లాక్సాసిన్: ఒక డీఆర్-టీబీ (మందులకు లొంగని టీబీ) కేసు

పేషెంట్‌కి 41 ఏళ్లు, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా, తాపీ మేస్త్రి. 2022 జులైలో మా చెస్ట్ ఓపీకి వచ్చేసరికి నాలుగు నెలలుగా దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రెండుసార్లు తెమడలో రక్తం. బరువు 41 కిలోలు. షుగర్ ఉన్నట్టు ఆయనకే తెలియదు, ఆ రోజు చూస్తే ర్యాండమ్ 312, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 10.4. హెచ్‌ఐవీ నెగటివ్. ఎక్స్‌రేలో కుడి పై లోబ్‌లో మందపాటి గోడ ఉన్న పెద్ద కేవిటీ (టీబీ తొలిచిన గుంత), దాని చుట్టూ పాత ఫైబ్రోసిస్ (గట్టిపడిన మచ్చ), ఎడమ ఊపిరితిత్తి మధ్యలో కొత్త మచ్చలు. తెమడ స్మియర్ 3+, అంటే మైక్రోస్కోప్‌లో క్రిములు చాలా ఎక్కువ. ఇంతవరకు మా దగ్గర తరచూ కనిపించేదే. ఓపీ చీటీ మీద పాత జబ్బుల గడిలో మాత్రం ఒకే లైను ఉంది: 'టీబీ, ఏటీటీ వాడారు' (ఏటీటీ అంటే టీబీ మందుల కోర్సు). ఈ కేసు గురించి ఇంత రాయడానికి కారణం ఆ లైనే, ఎందుకంటే ఆ మూడు మాటల వెనక తొమ్మిదేళ్ల చరిత్ర ఉంది, ఆ చరిత్ర తెలియకుండా ఆయనకు సరైన ట్రీట్‌మెంట్ ఇవ్వడం కుదరదు. (గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను.)

పాత ట్రీట్‌మెంట్‌కీ మందులకు లొంగని టీబీకీ సంబంధం ఉందని మెడిసిన్ చదివిన అందరికీ తెలుసు. మన దేశంలో 2014-16 మధ్య జరిగిన మొదటి జాతీయ డ్రగ్ రెసిస్టెన్స్ సర్వేలో ఎండీఆర్, అంటే టీబీకి ముఖ్యమైన మందులు ఐసోనియాజిడ్‌కీ రిఫాంపిసిన్‌కీ రెండింటికీ లొంగని టీబీ, కొత్త పేషెంట్లలో 2.84 శాతం మందిలో, ఇంతకుముందు మందులు వాడినవాళ్లలో 11.62 శాతం మందిలో కనిపించింది. నాలుగు రెట్లు. ఐసోనియాజిడ్ ఒక్కదాన్నే చూస్తే కొత్తవాళ్లలోనే 11 శాతం, పాతవాళ్లలో 25 శాతం. ఆ 11 శాతం అన్న అంకె గుర్తుపెట్టుకోండి, కింద దానితో పని ఉంది.

ఇక్కడ నా బాధ ఏంటంటే, 'పాత టీబీ ఉంది' అని వినగానే మనలో చాలామందికి వచ్చే మొదటి ఆలోచన 'మధ్యలో మానేసి ఉంటాడు' అని. ఆ ఆలోచన రాగానే ప్రశ్నలు ఆగిపోతాయి. ఏ మందులు వాడారు, రోజూనా రోజు మార్చి రోజా, ఎన్ని నెలలు, మొదట్లో రెసిస్టెన్స్ పరీక్ష జరిగిందా, రెండో నెల చివర తెమడ ఎలా ఉంది, కోర్సు ఎలా ముగిసింది, ఎంతకాలానికి తిరగబెట్టింది, ఇవేవీ ఎవరూ అడగరు. అడగకుండానే పేషెంట్ మీద తప్పు వేసేస్తాం.

చరిత్ర ఎలా బయటికి వచ్చింది

మొదట అడిగితే ఆయన చెప్పింది ఇంతే: "రెండు మూడు సార్లు గోలీలు మింగిన సార్. మంచిగైంది. మళ్ల వచ్చింది." ఏ గోలీలు అంటే ఎవరు మాత్రం చెప్పగలరు? పేషెంట్‌కి ఇథాంబ్యుటాల్ పేరు గుర్తుండదు, డబ్బా రంగు మాత్రం గుర్తుంటుంది. పాత ఆర్‌ఎన్‌టీసీపీ (అప్పటి జాతీయ టీబీ కార్యక్రమం) రోజుల్లో ఒక్కో పేషెంట్‌కి పూర్తి కోర్సు ఒక డబ్బాలో వచ్చేది. మొదటిసారి వాడేవాళ్లకి ఎర్ర డబ్బా, అది కేటగిరీ 1. తిరగబెట్టినవాళ్లకి నీలి డబ్బా, అది కేటగిరీ 2, అందులో రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు కూడా. అందుకే ఇప్పటికీ పాత పేషెంట్లను నేను అడిగేవి ఇవే: డబ్బా ఎర్రదా నీలిదా, సూదులు వేశారా, మూత్రం ఎర్రగా వచ్చిందా (వస్తే రిఫాంపిసిన్ వాడినట్టే), వారంలో ఏ రోజుల్లో మింగారు, ఎవరి ముందు మింగారు.

ఇంకో ప్రశ్న ఇంట్లోవాళ్లను అడగాలి: "పాత కాగితాలు ఏమైనా ఉన్నాయా అమ్మా?" మర్నాడు ఆయన భార్య ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చారు. రెండు ట్రీట్‌మెంట్ కార్డులు, ఒక ఎక్స్‌రే, నలిగిపోయిన మందుల చీటీలు. పేదవాళ్ల ఇళ్లలో ఇలాంటి కాగితాలు చాలా జాగ్రత్తగా దాస్తారు. మనం అడగం కాబట్టే అవి ట్రంకుపెట్టెలో ఉండిపోతాయి.

కార్డులు, చీటీలు, ఆయన మాటలు కలిపి చూస్తే తేలింది ఇది.

2013 చివర్లో ఎర్ర డబ్బా. సోమ, బుధ, శుక్రవారాల్లో ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ ముందు మింగారు. రెండో నెల చివర తెమడ ఇంకా పాజిటివ్‌గానే ఉంది, అప్పటి పద్ధతి ప్రకారం నాలుగు మందుల దశను ఇంకో నెల పొడిగించారు. తర్వాత నాలుగు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండే, అవీ వారానికి మూడుసార్లే. చివరి తెమడ నెగటివ్, కార్డు మీద 'క్యూర్డ్'. గడులన్నీ నిండి ఉన్నాయి, ఒక్క డోసు తప్పలేదు. ఆ రోజుల్లో మొదటిసారి టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ రెసిస్టెన్స్ పరీక్ష చేసే పద్ధతి లేదు, ఆయనకూ చేయలేదు.

2016లో మళ్లీ దగ్గు, మళ్లీ పాజిటివ్. నీలి డబ్బా. కార్డులో 'శాంపిల్ కల్చర్‌కి (క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి) పంపాం' అని రాసి ఉంది, ఫలితం రాయాల్సిన గడి ఖాళీ. సూదులన్నీ వేయించుకున్నారు. అయిదో నెలలో మేస్త్రీల గుంపుతో ముంబై వైపు వెళ్లిపోయారు. ఎందుకని అడిగితే ఆయన నా మొహం చూడకుండా "ఇంట్ల ఎల్లలేదు సార్, పోరి చిన్నది" అన్నారు. ఆరు నెలలు పని లేకుండా కూర్చున్న కూలి మనిషి జవాబు అది, అందులో నిర్లక్ష్యం ఎక్కడుందో నాకు కనిపించలేదు.

2019లో అక్కడే పని స్థలం దగ్గర దగ్గు ఎక్కువైతే ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లారు. ఎక్స్‌రే ఒక్కటే తీశారు, తెమడ పరీక్ష లేదు. చీటీలో రిఫాంపిసిన్-ఐసోనియాజిడ్ కలిసిన బిళ్ల, దానికి తోడు లెవోఫ్లాక్సాసిన్ 500, మామూలు ఇన్‌ఫెక్షన్లకీ వాడే యాంటీబయాటిక్. సంపాదనలో పెద్ద భాగం మందులకే పోయేదట. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, పని ఆగింది, మందులు ఆగాయి, ఎలాగో ఊరు చేరారు. ఆ తర్వాత రెండేళ్లు దగ్గు ఎక్కువైనప్పుడల్లా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర అయిదేసి రోజులు ఏదో ఒక యాంటీబయాటిక్. ఆ చీటీల్లో కనీసం మూడింటి మీద మళ్లీ లెవోఫ్లాక్సాసిన్ పేరే ఉంది.

లోపల ఏం జరిగి ఉంటుంది

టీబీ క్రిముల్లో రెసిస్టెన్స్ మందు వల్ల పుట్టదు, మందు దాన్ని ఏరి పెంచుతుంది. ఈ తేడా అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. క్రిములు విభజన చెందేటప్పుడు వాటంతట అవే జన్యువుల్లో పొరపాట్లు జరుగుతుంటాయి. ఐసోనియాజిడ్‌కి లొంగని క్రిమి సుమారు పది లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కి లొంగనిది సుమారు పది కోట్లలో ఒకటి. ఒక కేవిటీలో పది కోట్ల క్రిములు ఉండటం మామూలే. అంటే మొదటి బిళ్ల మింగక ముందే ఆ కేవిటీలో ఐసోనియాజిడ్‌కి చావని క్రిములు వంద దాకా ఉంటాయి. రెండింటికీ ఒకేసారి లొంగనిది మాత్రం కోటి కోట్లలో ఒకటి, అన్ని క్రిములు మనిషి ఒంట్లో ఉండవు. టీబీకి ఎప్పుడూ మందులు కలిపే ఇవ్వడానికి కారణం ఈ లెక్కే. 1940ల చివర్లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూసిన ట్రయల్‌లోనే ఇది బయటపడింది: మొదట కోలుకున్నట్టు కనిపించినవాళ్లలో చాలామందికి మందు పనిచేయడం మానేసింది.

పేషెంట్‌కి దీన్ని నేను పత్తి చేను లెక్కలో చెప్పాను, ఆయనకి ఊళ్లో రెండెకరాలు ఉంది కాబట్టి. ఒకటే మందు ఏటా కొడితే చావాల్సిన పురుగు చస్తుంది, చావనిది మిగిలి చేనంతా అదే అవుతుంది. "గట్లనా సార్, మరి నేను నాలుగు మందులు మింగిన కదా" అని అడిగారు. చాలా సరైన ప్రశ్న అది.

జవాబు ఆ 11 శాతంలో ఉంది. కొత్త పేషెంట్లలోనే ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి ఐసోనియాజిడ్ మొదటి రోజు నుంచే పనిచేయదు, ఎందుకంటే వాళ్లకు అంటుకున్న క్రిమే అలాంటిది. అలాంటి మనిషికి నాలుగు మందులు ఇస్తే పనిచేసేవి మూడు. ఆ దశ అయిపోయి ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండే మిగిలిన నాలుగు నెలల్లో పనిచేసేది ఒక్క రిఫాంపిసిన్. అంటే కాగితం మీద రెండు మందులు, ఒంట్లో ఒక మందు, అది కూడా వారానికి మూడుసార్లు. మనిషి ఒక్క డోసు కూడా తప్పకుండా, టీచర్ కళ్ల ముందు మింగుతూ, రిఫాంపిసిన్ రెసిస్టెన్స్‌ని పెంచుకుంటాడు. మా పేషెంట్‌కి రెండో నెల చివర తెమడ పాజిటివ్‌గా ఉండటం ఆ వైపే వేలు చూపిస్తుంది. దాన్నే రుజువు అనలేం, పెద్ద కేవిటీ ఉన్నవాళ్లలో మందులకు లొంగే టీబీ కూడా ఒక్కోసారి ఆలస్యంగా నెగటివ్ అవుతుంది. కానీ మూడేళ్లలోపే తిరగబెట్టడం, తర్వాత వచ్చిన పరీక్షల ఫలితాలు కలిపి చూస్తే నాకు ఇదే ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

2017లో రోజువారీ డోసుల పద్ధతికి మారినప్పుడు రెండో దశలో ఇథాంబ్యుటాల్‌ని కూడా చివరిదాకా కొనసాగించడం మొదలైంది. చాలామంది దాన్ని చిన్న మార్పు అనుకుంటారు. ఐసోనియాజిడ్ పనిచేయని మనిషిలో రిఫాంపిసిన్ ఒంటరి కాకుండా కాపాడేది ఆ ఒక్క బిళ్లే.

ఇక నీలి డబ్బా. ఓడిపోతున్న మందుల గుంపుకి ఒక్క కొత్త మందు కలపకూడదు, ఇది టీబీ వైద్యంలో చాలా పాత నియమం. కలిపితే పనిచేసేది ఆ కొత్త మందు ఒక్కటే అవుతుంది, కొన్నాళ్లకి దానికీ రెసిస్టెన్స్ వస్తుంది. కేటగిరీ 2 చేసింది సరిగ్గా అదే: పాత నాలుగు మందులకి స్ట్రెప్టోమైసిన్ ఒక్కటి కలిపింది. లొంగే క్రిమితోనే తిరగబెట్టినవాళ్లకి అది పనికొచ్చింది, రెసిస్టెన్స్ ఉన్నవాళ్లకి నెలలు వృథా చేసింది. ట్రయల్స్ బలం లేకుండా నిపుణుల అభిప్రాయం మీద నిలబడిన ఆ పద్ధతి దేశదేశాల్లో ఏళ్ల తరబడి నడిచింది, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఇక వాడొద్దని చెప్పింది. ఇప్పుడు తిరగబెట్టిన ప్రతి ఒక్కరికీ ముందు రెసిస్టెన్స్ పరీక్ష, దాన్ని బట్టే మందులు. 2016లో ఆ ఖాళీ గడి నిండి ఉంటే ఈయన కథ అక్కడే మలుపు తిరిగేది.

2019 ట్రీట్‌మెంట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అప్పటికి ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండూ పోయి ఉంటే, ఆ చీటీలో పనిచేసిన మందు లెవోఫ్లాక్సాసిన్ ఒక్కటే. నెలల తరబడి ఒక్కటే. ఆ తర్వాత ఊళ్లో అయిదేసి రోజులు మళ్లీ అదే.

పరీక్షలు చెప్పింది

తెమడలో క్రిమి డీఎన్‌ఏని వెతికే సీబీనాట్ పరీక్షలో అదే రోజు టీబీ క్రిమి, రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ రెండూ కనిపించాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. పాత టీబీ పేషెంట్లలో, ముఖ్యంగా ట్రీట్‌మెంట్ అయిన కొద్ది ఏళ్లలోపు, ఈ పరీక్ష చచ్చిన క్రిముల డీఎన్‌ఏని కూడా పట్టుకుని పాజిటివ్ చూపించవచ్చు. దగ్గుతూ వచ్చిన ప్రతి పాత పేషెంట్‌కీ తిరగబెట్టినట్టు కాదు, పాత మచ్చల్లో బ్రాంకియెక్టాసిస్ (గాలి గొట్టాలు పాడై వెడల్పవడం) ఉండొచ్చు, కేవిటీలో ఫంగస్ ముద్ద ఉండొచ్చు, అవి కూడా రక్తం కక్కిస్తాయి. అందుకే కల్చర్ తప్పనిసరి. ఈయనకు స్మియర్ 3+, కొత్త మచ్చలు, జ్వరం ఉన్నాయి కాబట్టి అనుమానానికి తావు తక్కువ, తర్వాత కల్చర్‌లోనూ పెరిగింది.

రెసిస్టెన్స్ తెచ్చే జన్యు మార్పుల్ని వెతికే లైన్ ప్రోబ్ పరీక్షలో ఆర్‌పీఓబీ, కాట్‌జీ జన్యువుల్లో మార్పులు: రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రెండూ పోయాయి. రెండో వరస మందుల పరీక్షలో గైర్‌ఏ జన్యువులో మార్పు: లెవోఫ్లాక్సాసిన్ జాతి మందులూ పోయాయి. 2021లో మారిన నిర్వచనం ప్రకారం ఇది ప్రీ-ఎక్స్‌డీఆర్ టీబీ, అంటే ఎండీఆర్ కన్నా ఒక మెట్టు పైది. ఈ ఫలితాల కాగితాన్ని పాత చీటీల పక్కన పెట్టి చదివితే ఏ మందు ఎక్కడ పోయి ఉంటుందో దాదాపు తారీఖులతో సహా ఊహించవచ్చు.

దాదాపు అనే అంటున్నాను, ఎందుకంటే ఇంకో దారి కూడా ఉంది. ముంబైలో పది పన్నెండు మంది ఒకే గదిలో పడుకున్న ఏళ్లలో ఆయనకు వేరే మనిషి నుంచి రెసిస్టెన్స్ ఉన్న కొత్త క్రిమి అంటుకుని ఉండొచ్చు. టీబీ ఎక్కువున్న చోట్ల తిరగబెట్టినవన్నీ పాత క్రిమి నిద్రలేచినవే అనుకోకూడదు, కొన్ని కొత్తగా సోకినవి. 2013 నాటి క్రిమిని ఎవరూ దాచిపెట్టలేదు కాబట్టి పోల్చి చూసే అవకాశం లేదు. అయినా ఏ దారిలో చూసినా 'మానేశాడు కాబట్టి వచ్చింది' అన్న ఒక్క వాక్యం ఈ కేసుకి సరిపోదు.

మందులు

2022 ఆగస్టులో పూర్తిగా నోటితో వాడే లాంగ్ రెజిమెన్ (ఎక్కువ నెలలు సాగే మందుల కోర్సు) మొదలుపెట్టాం. బెడాక్విలిన్, లినెజోలిడ్, క్లోఫాజిమిన్, సైక్లోసెరిన్, లెవోఫ్లాక్సాసిన్ స్థానంలో డెలామనిడ్. ముందుగా ఈసీజీ, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం, హిమోగ్లోబిన్, లివర్ పరీక్షలు, కంటి చూపు, రంగులు గుర్తుపట్టే పరీక్ష. బెడాక్విలిన్, డెలామనిడ్, క్లోఫాజిమిన్ మూడూ గుండె లయలో క్యూటీ అనే వ్యవధిని పెంచేవే, అది మరీ పెరిగితే లయ తప్పుతుంది, కాబట్టి ఈసీజీ విషయంలో రాజీ లేదు. షుగర్‌కి ఇన్సులిన్. షుగర్ అదుపులో లేకుండా టీబీ మందులు ఎంత మంచివి ఇచ్చినా సగం పనే అవుతుంది.

మొదటి నెల కష్టంగా గడిచింది. రెండో నెలకి ఆకలి వేసింది, మూడో నెల కల్చర్ నెగటివ్. అయిదో నెల దాటాక అరికాళ్లలో మంటలు, రాత్రి నిద్ర పట్టేది కాదు. లినెజోలిడ్ వల్ల వచ్చే నరాల ఇబ్బంది అది. ఈ దశలోనే చాలామంది మందులు వదిలేస్తారు, ఎందుకంటే దగ్గు తగ్గింది, జ్వరం లేదు, మందే బాధ పెడుతోంది. ఎస్‌టీఎస్ (పేషెంట్ల మందుల కోర్సు చూసుకునే టీబీ సూపర్‌వైజర్) ఈ విషయం ముందే చెప్పి ఉంచడంతో ఆయన బిళ్లలు ఆపకుండా నేరుగా వార్డుకి వచ్చారు. డోసు 600 నుంచి 300కి తగ్గించాం, మంట పూర్తిగా పోలేదు గానీ తట్టుకునేంతకి వచ్చింది.

డబ్బు గురించి కూడా చెప్పాలి. అప్పట్లో టీబీ పేషెంట్ల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలు, 2024 నవంబర్ నుంచి అది 1000 అయింది. సిమెంటు పని చేసే మనిషి ఏడాదిన్నర పైగా పని లేకుండా ఉంటే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో లెక్క వేయండి. ఊళ్లో ఒకరు నిక్షయ్ మిత్రగా, అంటే పేషెంట్‌కి సాయం చేసే దాతగా, ముందుకొచ్చి పప్పు, నూనె, గుడ్లు ఇప్పించారు. 2016లో మందులు ఆగడానికి కారణం తిండి, ఈసారి ఆగకపోవడానికీ అదే కొంత కారణం అని నేను గట్టిగా నమ్ముతాను.

కూతురు

ఆయన అడ్మిట్ అయిన మొదటి వారంలోనే ఇంట్లో అందరికీ స్క్రీనింగ్ చేశాం. భార్యకి, పన్నెండేళ్ల కొడుక్కి లక్షణాలు లేవు, ఎక్స్‌రేలు బాగున్నాయి. కూతురికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి ఏడాది. మూడు వారాలుగా దగ్గు, వానాకాలం కదా అని ఎవరూ పట్టించుకోలేదు. స్మియర్ 1+. సీబీనాట్‌లో రిఫాంపిసిన్ రెసిస్టెన్స్. లైన్ ప్రోబ్‌లో తండ్రిలో కనిపించిన మూడు జన్యువుల్లోనే, అవే మార్పులు. ఆర్‌పీఓబీలో, కాట్‌జీలో ఆ మార్పులు దేశమంతటా ఎక్కువగా కనిపించేవే కాబట్టి వాటితోనే ఒకే క్రిమి అని చెప్పలేం, దానికి జీనోమ్ మొత్తం చదవాలి. కానీ ఒకే ఇంట్లో మూడూ కలిశాయంటే మందులు నిర్ణయించడానికి అది చాలు.

ఈ అమ్మాయి జీవితంలో ఒక్క టీబీ బిళ్ల మింగలేదు. రికార్డులో ఆమె 'కొత్త కేసు'. పాత ట్రీట్‌మెంట్ అన్న గడిలో 'లేదు' అనే రాస్తాం, అది నిజమే. కానీ ఎర్ర డబ్బా, నీలి డబ్బా, ఆ ప్రైవేటు చీటీ అన్నీ ఆమె ఊపిరితిత్తుల్లో ఉన్నాయి. అందుకే నేను ఇప్పుడు పాత ట్రీట్‌మెంట్ గురించి పేషెంట్‌ని మాత్రమే అడగను. ఇంట్లో, పని దగ్గర, హాస్టల్‌లో ఎవరికైనా టీబీ వచ్చిందా, వాళ్లు ఎన్నిసార్లు మందులు వాడారు, వాళ్లకి తగ్గిందా లేక చనిపోయారా అని అడుగుతాను.

పైన చెప్పిన నాలుగు రెట్లు అన్న మాట విని, పాతవాళ్లకి పరీక్ష చేస్తే చాలు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. చిన్న లెక్క చూడండి. వెయ్యి మంది టీబీ పేషెంట్లలో 800 మంది కొత్తవాళ్లు, 200 మంది పాతవాళ్లు అనుకుందాం. సర్వే శాతాలు వేస్తే కొత్తవాళ్లలో ఎండీఆర్ ఉన్నవాళ్లు దాదాపు 23 మంది, పాతవాళ్లలోనూ దాదాపు 23 మంది. ఒక్కో మనిషికి ప్రమాదం పాతవాళ్లలో ఎక్కువే, మొత్తం సంఖ్యలో మాత్రం సగం మంది ఎప్పుడూ మందు వాడనివాళ్లే. దక్షిణాఫ్రికాలో టుగెలా ఫెర్రీ అనే చోట 2005-06లో ఎక్స్‌డీఆర్ (ఎండీఆర్ కన్నా ఇంకా ఎక్కువ మందులకు లొంగని) టీబీ బయటపడినప్పుడు 53 మందిలో 52 మంది చనిపోయారు, వాళ్లలో సగానికి పైగా అంతకుముందు టీబీ మందులు వాడనివాళ్లు. దాదాపు అందరికీ హెచ్‌ఐవీ ఉంది, చాలామంది అంతకుముందు ఆసుపత్రుల్లో ఉండి వచ్చినవాళ్లు. ఒకరిలో ఏరి పెరిగిన క్రిమి మరొకరికి గాలిలో అందుతుంది. మన దగ్గర 2018 నుంచి టీబీ తేలిన ప్రతి ఒక్కరికీ రిఫాంపిసిన్ పరీక్ష చేయాలన్నది అందుకే. అది లేని రోజుల్లో అయితే ఈ అమ్మాయికి ఎర్ర డబ్బా చేతిలో పెట్టేవాళ్లు, తండ్రి నడిచిన దారే మళ్లీ మొదలయ్యేది.

ఆ లెవోఫ్లాక్సాసిన్ ఇంకో దారి కూడా మూసేసింది. మామూలు ఎండీఆర్ పేషెంట్ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి టీబీ రాకుండా ఆరు నెలలు లెవోఫ్లాక్సాసిన్ ఇవ్వవచ్చు. ఇక్కడ క్రిమి దానికే లొంగదు, ఇచ్చి లాభం లేదు. భార్యకీ కొడుక్కీ ముందు జాగ్రత్త బిళ్ల అంటూ ఏదీ ఇవ్వలేకపోయాం, రెండేళ్లపాటు మూడు నెలలకోసారి చూసుకోవడం తప్ప. 2014 నుంచి లెవోఫ్లాక్సాసిన్ లాంటి మందులు షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినవి రిజిస్టర్‌లో రాయాలి. ఊళ్లలో అది ఎంతవరకు జరుగుతోందో ఇది చదివేవాళ్లందరికీ తెలుసు. రెండు వారాలకు మించి దగ్గుతున్న మనిషికి తెమడ పరీక్ష చేయకుండా ఆ మందు ఇవ్వడం పెద్ద అన్యాయం. జ్వరం నాలుగు రోజులు తగ్గుతుంది, టీబీ దొరకడం ఆలస్యమవుతుంది, అటు రెసిస్టెన్స్ పెరుగుతుంది.

అమ్మాయికీ తండ్రికి ఇచ్చిన మందులే, బరువుని బట్టి. ఆమెని ఎక్కువ బాధపెట్టింది కాళ్ల మంటలో రక్తహీనతో కాదు, క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడటం. నాలుగో నెలలో కాలేజీ మానేస్తానంది, ఎవరికీ మొహం చూపించనంది. వాళ్లమ్మ నన్ను పక్కకి పిలిచి "సారూ, పెళ్లి కావాల్సిన పిల్ల" అని ఏడ్చారు. ఆ రంగు మందు ఆపాక నెమ్మదిగా, నెలల్లో పోతుందని, శాశ్వతం కాదని, మొదటి రోజే చెప్పాం, మళ్లీ చెప్పాం, అదే మందు వాడి కోలుకున్న ఒక అమ్మాయిని ఆమె అనుమతితో పిలిపించి కలిపాం. మా మాటల కన్నా ఆ అమ్మాయి మొహం చూడటం ఎక్కువ పనిచేసింది. ఇలాంటి వాటిని కౌన్సెలింగ్ అనే పేరుతో చివర్లో చిన్నగా రాస్తాం గానీ, మందులు మధ్యలో ఆగడానికి అసలు కారణాలు ఇక్కడే ఉంటాయి.

ముగిశాక కాగితం మీద ఏం రాశాం

అమ్మాయి 18 నెలలకి, తండ్రి 20 నెలలకి, ఇద్దరూ 2024లో కోర్సు ముగించారు. 2025 దాకా చేసిన కల్చర్లు నెగటివ్. ఆయన బరువు 53 కిలోలు. కుడివైపు ఊపిరితిత్తి పై భాగం కుంచించుకుపోయింది, మెట్లెక్కితే ఆయాసం ఉంది, తాపీ పనికి వెళ్లడం కుదరదు, ఊళ్లో చిన్న కిరాణా పెట్టుకున్నారు. అమ్మాయి డిగ్రీలో చేరింది.

2024 సెప్టెంబర్‌లో మన దేశం బీపాల్ఎం రెజిమెన్‌ని ఆమోదించింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్, ఆరు నెలలు. మా పేషెంట్లు ఏడాదిన్నర పైగా పడిన పాట్లు చూసినవాడిగా ఇది నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. కానీ పాత ట్రీట్‌మెంట్ ప్రశ్న దీనితో ఇంకా పదునెక్కింది. బెడాక్విలిన్‌నో లినెజోలిడ్‌నో ఇంతకుముందు నెలకు మించి వాడిన మనిషికి, ఆ మందులకు క్రిమి ఇంకా లొంగుతోందని పరీక్షలో తేలకుండా, ఈ రెజిమెన్ ఇవ్వకూడదు. క్లోఫాజిమిన్ వాడినవాళ్లలోనూ బెడాక్విలిన్ రెసిస్టెన్స్ రావచ్చు, ఈ రెండు మందుల నుంచీ క్రిమిని కాపాడే జన్యు మార్పు ఒకటి ఉంది. పైగా బెడాక్విలిన్ ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుంది. మధ్యలో అన్నీ ఒకేసారి ఆపేస్తే ఈ రెజిమెన్‌లోని మిగతా మందులు రోజుల్లో వెళ్లిపోతాయి, ఇది ఒక్కటే తక్కువ మోతాదులో రక్తంలో నెలల తరబడి ఉండిపోతుంది. ఎర్ర డబ్బా రోజుల్లో రిఫాంపిసిన్ ఒంటరైనట్టే ఇప్పుడు బెడాక్విలిన్ ఒంటరి కావచ్చు.

కాబట్టి ఈ తండ్రీకూతుళ్ల డిశ్చార్జ్ కాగితంలో 'ఏటీటీ వాడారు' అని రాయలేదు. ఏ మందు ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, ఎంత డోసు, లినెజోలిడ్ ఎప్పుడు ఎందుకు తగ్గించాం, బెడాక్విలిన్ ఆరు నెలలు, క్లోఫాజిమిన్ చివరిదాకా, మొదటి రోజు ఏ జన్యువుల్లో ఏ మార్పులు ఉన్నాయి, కల్చర్ ఏ నెలలో నెగటివ్ అయింది, అన్నీ తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ, పైన నిక్షయ్ ఐడీ. మా డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు ప్రతి డీఆర్-టీబీ పేషెంట్‌కీ ఇలాగే ఇస్తున్నాం, మీ దగ్గరా ఇవ్వండి. ఫార్మాట్ కావాలంటే పంపిస్తాను.